బొమ్మలో పడవ ఉంది... మనిషి పేరే లేదు!

కొండాపూర్‌లో ఆదివారం పొద్దున చేపల కొట్టు ముందు నిలబడేవారికి సముద్రం మూడొందల కిలోమీటర్లకు పైనే దూరం. వంజరం ధర తెలుస్తుంది. దాని వెనకున్న బతుకు తెలియదు. అది కళ్లకు కట్టాలంటే ఓ బొమ్మో, ఓ కథో కావాలి.

అమెరికా జాలర్లకు ఆ అదృష్టం దక్కింది. తిమింగిలాల వేట ఓడలో పనిచేసిన హెర్మన్ మెల్విల్ 1851లో 'మోబీ డిక్' నవల రాశాడు. 1885లో విన్‌స్లో హోమర్ 'ది ఫాగ్ వార్నింగ్' గీశాడు. చిన్న పడవలో ఒక్కడే మనిషి. పక్కన పెద్ద చేపలు. ఎక్కడో దూరంగా అతని ఓడ... ఆకాశం అంచున లేస్తున్న పొగమంచు. ఓడను అందుకుంటాడా? చూసేవారికీ అదే ఆదుర్దా! ఇక, మసాచుసెట్స్‌లోని గ్లౌసెస్టర్‌లోనైతే కడలి పాలైన ఐదువేల మందికి పైగా జాలర్ల పేర్లు స్మారకం మీద ఉన్నాయి.

మరి మన తీరం? పందొమ్మిదో శతాబ్దంలో మన పడవలూ బొమ్మల్లోకెక్కాయి. అప్పట్లో చాలాకాలం మద్రాసుకు సరైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరేసేవి. మనుషుల్నీ సరుకుల్నీ అలలు దాటించి ఒడ్డుకు చేర్చింది మసులా పడవలే. వీటి చెక్కలకు మేకులుండవు, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేస్తారు. అందుకే అల కొట్టినా, ఇసుకను గుద్దుకున్నా పగలకుండా వంగుతాయి! ఆంధ్ర తీరంలోనూ ఇలాంటి కుట్టు పడవలతోనే వలలు వేసేవారు. ఇంగ్లిషు చిత్రకారులు ఈ వింతను ముచ్చటపడి గీశారు. తెడ్డేసే మనిషి పేరు మాత్రం బొమ్మ కింద కనిపించదు.

గోదావరి తీరాన కోరంగిదీ అదే కథ. ఓడల తయారీకి పేరుపడ్డ ఆ రేవును 1839 నవంబరులో తుపాను ముంచేసింది. పోయినవారి గురించి చరిత్రలో అంచనాలే తప్ప పేర్లు లేవు.

ఈ తరంలో కాస్త మార్పొచ్చింది. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ ఉదంతమే 2025లో 'తండేల్' సినిమా అయింది. తండేల్ అంటే పడవ నాయకుడు. పొట్టకూటి కోసం శ్రీకాకుళం పల్లెలు అంత దూరం వలసపోతున్నాయని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఒక్క సినిమాతో తీరే బాకీ కాదిది. కుట్టు పడవల చోటికి ఫైబర్ పడవలొచ్చేశాయి. తాళ్లతో చెక్కలు కుట్టిన చేతులు వణుకుతున్నాయి. ఆ పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోవాలి. పని గురించే కాదు... పేరు కూడా!