సున్నపురాయి చెప్పే పాఠం: కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం



భిలాయిలో పవర్ హౌస్ పరిసరాల పిల్లలకు అడవి జంతువు అనగానే మైత్రీబాగ్‌లోని తెల్లపులి గుర్తుకు వస్తుంది. అయితే జంతుప్రదర్శనశాల వేరు, జాతీయ ఉద్యానవనం వేరు. మొదటి దానిలో జంతువును దాని పరిసరాల నుంచి విడదీసి చూపిస్తారు. రెండవ దానిలో రాయి, నేల, నీరు, చెట్టు, జంతువు ఒకదానిపై ఒకటి ఆధారపడి జీవించడాన్ని చూడవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడానికి కూడా వీలులేదు.

ఇందుకు మంచి ఉదాహరణ బస్తర్‌లోని కాంగేర్ లోయ. జగదల్‌పూర్‌కు దక్షిణాన సుమారు 200 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉత్తరాది సాల వృక్షాలు, దక్షిణాది టేకు చెట్లు ఇక్కడ కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ మైనాకు ఇది నివాసం.

కొలిమిలో ఒకటి, గుహలో మరొకటి

నందిని గనుల సున్నపురాయి భిలాయి ఉక్కు కర్మాగారానికి చేరుతుందని మీకు తెలుసు. బ్లాస్ట్ కొలిమిలో అది వేడికి విడిపోయి కాల్షియం ఆక్సైడ్ అవుతుంది. ఖనిజంలోని ఇసుక వంటి మలినాలతో కలిసి లోహమలంగా బయటకు వస్తుంది. దీనికి కొన్ని గంటలు చాలు.

కాంగేర్ లోయలో ఇదే పదార్థం మరో మార్గంలో మారుతుంది. వాననీరు గాలి నుంచి, నేల నుంచి కార్బన్ డై ఆక్సైడును గ్రహించి బలహీనమైన ఆమ్లమవుతుంది. ఆ నీరు పగుళ్ళలోకి ఇంకి సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కుటుంసర్ గుహ ఏర్పడినది ఈ విధంగానే. గుహ కప్పు నుంచి జారే బొట్టులో కార్బన్ డై ఆక్సైడు గాలిలో కలిసిపోగానే కరిగిన కాల్షియం కార్బొనేట్ తిరిగి పేరుకుంటుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి లేచేవి స్టాలగ్‌మైట్లు. బొర్రా గుహలను చూసినవారు వీటిని వెంటనే గుర్తుపడతారు. ఇటువంటివి సాధారణంగా వేయి సంవత్సరాలకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతాయి.

చీకటిలోని చేప

గుహ నీటిలో చిన్న చేపలు ఉంటాయి. వాటి శరీరానికి రంగు తక్కువ. కళ్ళు బాగా క్షీణించి ఉంటాయి. బయటి వాగుల్లోని వాటి బంధువులకు మాత్రం కళ్ళు చక్కగా ఉన్నాయి. వాడకపోవడం వల్ల కళ్ళు పోయాయని అనుకోకండి. వెలుతురులో చూపులేని చేప బతకడం కష్టం. చీకటిలో చూపు ఉన్నా లేకున్నా తేడా లేదు. కాబట్టి కళ్ళను క్షీణింపజేసే జన్యు మార్పులు తొలగిపోకుండా తరతరాలకు సంక్రమిస్తాయి.

సందర్శకుడి బాధ్యత

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మనం చూడబోయే దానిని మన రాకే మార్చివేస్తుంది. వేళ్ళకున్న జిడ్డు రాతిపై అంటితే అక్కడ కొత్త పొర సరిగా పేరుకోదు. ఎక్కువసేపు దీపం ఉంచితే చీకటి గోడలపై శైవలాలు మొలుస్తాయి. నీటిలో పడిన తినుబండారం కుళ్ళితే ప్రాణవాయువు తగ్గి చేపలకు ముప్పు కలుగుతుంది. కేకలు గబ్బిలాలను బెదరగొడతాయి. విరిగిన స్టాలక్టైటును ఏ ఇంజనీరూ తిరిగి పెంచలేడు.

కనుక వెళ్ళేటప్పుడు మార్గదర్శకుని వెంటే నడవండి. దేనినీ తాకకండి, ఏదీ తేవద్దు. వర్షాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కాబట్టి అప్పుడు ప్రవేశం ఉండదు. శీతాకాలం అనుకూలమైనది. పులి కనిపించలేదని నిరాశపడవద్దు. ఒక్క నీటిబొట్టు రాలే వరకు నిశ్శబ్దంగా నిలబడి చూడండి. అది మోసుకువచ్చిన సున్నం ఎక్కడిదో మీ నోటుపుస్తకంలో మీ మాటల్లో రాసుకోండి.