క్యాన్సర్ రోగికి మానసిక ఆసరా: దయ కాదు, హక్కు

ఆర్మూర్ పేరు చెప్పగానే పసుపు గుర్తొస్తుంది. సంక్రాంతి దాటాక పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ఎండాకాలం దాకా సాగుతాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఏ రోజు కూలి ఆ రోజుకే సరిపోయే ఎన్నో దళిత, బహుజన కుటుంబాలకు ఈ పనులే ఆధారం. అలాంటి ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలితే డబ్బు గురించి చర్చ వెంటనే మొదలవుతుంది. రోగి మనసు గురించి మాత్రం ఇంట్లోనూ, వార్డులోనూ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఖర్చు విషయంలో కొంత సాధించుకున్నాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచింది. కానీ భయంతో నిద్రపట్టని రోగి పక్కన కూర్చుని మాట్లాడే కౌన్సెలర్ కావాలని మనం ఇంకా గట్టిగా అడగలేదు. ఎందుకు అడగాలో, ఏం అడగాలో ఇక్కడ వివరిస్తాం.

మనసు బాధ కూడా జబ్బులో భాగమే

ఆసుపత్రుల్లోని క్యాన్సర్ రోగులపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ ఒకటి 2011లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం ప్రతి 10 మందిలో ముగ్గురు, నలుగురు డిప్రెషన్, ఆందోళన వంటి ఏదో ఒక మానసిక సమస్యతో ఉంటారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి తిండి తగ్గిస్తాడు, మందులు వదిలేస్తాడు, తర్వాతి కీమోకు రానంటాడు. అంటే మనసును పట్టించుకోకపోతే చేసిన వైద్యం కూడా దెబ్బతింటుంది.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన డాక్టర్ సిసిలీ సాండర్స్ దీన్ని ‘సంపూర్ణ బాధ’ అన్నారు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, సామాజిక కష్టం, బతుకు అర్థం గురించిన వేదన, ఈ నాలుగూ కలిసే రోగిని పీడిస్తాయని ఆమె చెప్పారు. మన దేశంలో ఆ సామాజిక కష్టం అన్న మాటలో కులం కూడా ఉంది.

కులం వార్డు దాకా వస్తుంది

ఆర్మూర్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి సుమారు 180 కిలోమీటర్లు. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు నడుస్తుంది. రోగి కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ‘నా వల్ల ఇల్లు మునిగింది’ అన్న అపరాధ భావం అక్కడ పుడుతుంది.

రెండోది మాట దక్కకపోవడం. డాక్టర్ చదువుకున్నట్టు కనిపించే బంధువుతో మాట్లాడతాడు. రోగికి తన జబ్బు పేరు కూడా తెలియకుండా వైద్యం నడుస్తుంది. పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడాలని తరతరాలుగా నేర్పిన సమాజంలో, ‘సారూ, నాకేమైంది?’ అని అడగడానికే ధైర్యం కావాలి.

మూడోది ఇంట్లో మొదలయ్యే అంటరానితనం. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. అయినా రోగికి కంచం, గ్లాసు వేరు చేసేవాళ్లున్నారు. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిపై పోరాడిన మన వాడల్లో, రోగి ముందు మళ్లీ వేరు గ్లాసు పెడితే ఆ అవమానం రెండింతలవుతుంది.

నాలుగోది కర్మ. ‘నేనేం పాపం చేసిన?’ అని రోగి తనను తాను నిందించుకుంటాడు. పుట్టుకను పూర్వజన్మ పాపంగా చూపిన సిద్ధాంతమే జబ్బును కూడా అలాగే చూపుతోంది. నోటి క్యాన్సర్‌కు పొగాకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ ప్రధాన కారణాలని ఓపికగా చెప్పడం కూడా మానసిక చికిత్సే.

పసుపు ఊరు కాబట్టి ఇంకో మాట. పసుపులోని కర్క్యుమిన్‌పై ప్రయోగశాలల్లో పరిశోధనలు జరిగాయి. కానీ తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పసుపు క్యాన్సర్‌ను నయం చేస్తుందని రుజువు కాలేదు. దాన్ని నమ్మి ఆసుపత్రి మానేసిన కుటుంబానికి తర్వాత మిగిలేది పశ్చాత్తాపం.

మానసిక ఆసరా అంటే ఏమిటి?

ఊరికే ‘ధైర్యంగా ఉండు’ అనడం సరిపోదు. మొదట రోగి బాధను కొలవాలి. గత వారంలో మనసు ఎంత కష్టపడిందో 0 నుంచి 10 వరకు రోగినే గుర్తించమనే ‘డిస్ట్రెస్ థర్మామీటర్’ చాలా దేశాల్లో వాడుకలో ఉంది. 4 లేదా అంతకు మించితే వివరంగా మాట్లాడాలి. డిప్రెషన్ అన్న మాట తెలియని మనిషి ‘నిద్ర పడ్తలేదు’, ‘గుండె దడదడ అంటున్నది’, ‘ఏం చేయబుద్ధి అయితలేదు’ అంటాడు. కౌన్సెలర్‌కు ఆ భాష అర్థం కావాలి. రోగి ఎంత తెలుసుకోవాలనుకుంటే అంత నిజం చెప్పాలి. అవసరమైతే సైకియాట్రిస్టు మందులు ఇవ్వాలి. ఒంటి నొప్పిని తప్పక తగ్గించాలి. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ అందుబాటును సులభం చేస్తూ 2014లోనే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు.

ఏం అడగాలి?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే సేవల్లో మానసిక వైద్యం పొందే హక్కును ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. కులం పేరుతో వివక్ష ఉండకూడదని అందులోనే రాసి ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, కులం కారణంగా ఆసుపత్రిలోకి రానీయకపోవడాన్ని నేరంగా పేర్కొంది. రాష్ట్రంలో ‘ఆలన’ పేరుతో ఇంటికి వచ్చి సేవ చేసే పాలియేటివ్ బృందాలున్నాయి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

విద్యార్థులు, కార్యకర్తలు రోగికి తోడుగా వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలని కోరుతున్నాం. ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు ఉంటారు? జబ్బు గురించి రోగికే, వారి భాషలో ఎవరు చెప్తారు? ఇంటికి వెళ్లాక నొప్పి ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలి? జవాబు లేకపోతే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.