ఒక్క కొండ గీస్తే చాలు: ఇంక్‌స్కేప్‌లో ఫాంటసీ గేమ్ మ్యాప్

ఇవాళ ఫాంటసీ గేమ్‌కి మ్యాప్ గీద్దాం. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

ఫ్రెండ్స్‌తో ఆడే టేబుల్‌టాప్ గేమ్ కోసం మామూలు పెయింటింగ్ యాప్‌లో నాలుగు రాత్రులు కూర్చుని మ్యాప్ గీశా. వెడల్పు 1200 పిక్సెళ్లు. స్క్రీన్ మీద సూపర్‌గా ఉంది. గేమ్ రోజున ఏ3 సైజులో ప్రింట్ తీయిస్తే ఊళ్ల పేర్లన్నీ మసకే! ఏ3 పొడవు వైపు 16.5 అంగుళాలు. అంటే అంగుళానికి 73 పిక్సెళ్లు కూడా రాలేదు. మంచి ప్రింట్‌కి 300 కావాలి. చేసేదేముంది, మళ్లీ మొదటి నుంచి గీశా.

వెక్టర్‌లో ఈ బాధ లేదు. అది చుక్కల్ని కాదు, గీత ఎక్కడ మొదలై ఎలా వంగిందో ఆ లెక్కని దాచుకుంటుంది. ఎంత పెంచినా ఆ లెక్క ప్రకారం కొత్తగా గీస్తుంది. ఇంక్‌స్కేప్ ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2003 నుంచి ఉంది. కాకపోతే ఫోన్‌లో కాదు, కంప్యూటర్ కావాలి.

లేయర్లు. సముద్రం, నేల, నదులు, కొండలు, పేర్లు. ఒక్కోదానికి ఒక్కో లేయర్. పని లేనివాటికి తాళం వేసేయండి.

తీరం. పెన్సిల్ టూల్‌తో నేల ఆకారం గీసి, మొదలుపెట్టిన చోటే కలపండి. ఒక కాపీ పక్కన పెట్టుకోండి. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్స్, మాడిఫై పాత్, ఫ్రాక్టలైజ్. నున్నటి గీత నిజం తీరంలా వంకరలు తిరుగుతుంది. సబ్‌డివిజన్స్ 3 ఇస్తే ఒక్కో ముక్క 8 అవుతుంది, 6 ఇస్తే 64! లాప్‌టాప్ మూలుగుతుంది. 3తో మొదలుపెట్టండి.

కొండలు. అసలు మజా ఇక్కడే. ఒక్క కొండ గీసి, లోపల నేల రంగు నింపి, గ్రూప్ చేయండి. ఆల్ట్, డి నొక్కితే క్లోన్ వస్తుంది. పైనుంచి కిందికి పేర్చుకుంటూ రండి, ముందున్న కొండ వెనకదాన్ని కప్పుతుంది. క్లోన్‌ని చిన్నది, పెద్దది చేసుకోవచ్చు. రేపు మీ కథలో చలికాలం వచ్చిందనుకోండి. అసలు కొండ గ్రూప్ లోపలికి వెళ్లి మంచు గీస్తే చాలు, రెండొందల క్లోన్ల మీదా మంచు పడుతుంది. కాపీ పేస్ట్ చేసి ఉంటే రెండొందల సార్లు గీయాలి.

నదులు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ సాయం చేయదు, బుర్ర వాడాలి. నీళ్లు పల్లానికే పోతాయి. దారిలో ఉపనదులు వచ్చి కలుస్తాయి గానీ, నది ఊరికే రెండుగా చీలదు. చీలేది ఎక్కువగా సముద్రం దగ్గర డెల్టాలోనే. మన గోదావరినే చూడండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అరేబియా సముద్రం దగ్గర్లోనే ఉన్నా పడమటి కనుమలు అడ్డం. అందుకే 1,465 కిలోమీటర్లు తూర్పుకి వచ్చి, ధవళేశ్వరం దాటాకే గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. కాబట్టి కొండలు ముందు, నదులు తర్వాత.

ఎక్స్‌పోర్ట్. పీఎన్‌జీ, 300 డీపీఐ. ఏ3కి 4961 బై 3508 పిక్సెళ్లు. ఎస్‌వీజీ ఫైల్ మాత్రం డిలీట్ చేయకండి. గేమ్‌లో ఎవడో ఒకడు ఊరు తగలబెడతాడు, మ్యాప్ మార్చాల్సి వస్తుంది!

ఈ వారం ఒక్క దీవి, ఒక్క కొండ, ఒక్క నది గీయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో పేర్లని నది వంపు వెంట ఎలా రాయాలో చూద్దాం. ఉంటా మరి!