కాలర్ ఉన్న పులి బతికింది, లేనిది చనిపోయింది... తేడా కాలర్ ఒక్కటేనా?

ఖరగ్‌పూర్‌లో టాటానగర్ వైపు వెళ్లే రైలు ఎక్కితే సుమారు 40 కిలోమీటర్లకు ఝార్‌గ్రామ్ వస్తుంది. తర్వాత గిధ్నీ, ఇంకాస్త ముందుకు వెళ్తే ఝార్ఖండ్‌లోని చాకులియా. ఖరగ్‌పూర్, హిజ్లీ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇవి బాగా తెలిసిన స్టేషన్లే. కిటికీలోంచి చూస్తే సాల్ చెట్లు, ఎర్రమట్టి, మేకల మందలు కనిపిస్తాయి. బెంగాల్‌లో ఈ అటవీ ప్రాంతాన్ని జంగల్‌మహల్ అంటారు.

2024 డిసెంబరులో ఒక ఆడపులి ఈ రైలు మార్గాన్ని దాటి బెంగాల్‌లోకి వచ్చింది. దాని పేరు జీనత్. వయసు మూడేళ్లు. మెడకు రేడియో కాలర్ ఉంది. ఒడిశాలోని సిమిలిపాల్ అడవి నుంచి బయలుదేరి ఝార్ఖండ్ మీదుగా ఝార్‌గ్రామ్, పురూలియా, బాంకురా జిల్లాల్లో తిరిగింది. దాదాపు మూడు వారాల తర్వాత, డిసెంబర్ 29న అటవీ సిబ్బంది మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పట్టుకున్నారు. ఈ మొత్తం ప్రయాణంలో దాని వల్ల ఒక్క మనిషి ప్రాణం కూడా పోలేదు. పులీ క్షేమంగా ఒడిశా చేరింది.

ఆరేళ్ల ముందు ఇదే ప్రాంతానికి వచ్చిన మరో పులి కథ ఇలా ముగియలేదు. 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో ట్రాప్ కెమెరాకు ఒక మగపులి చిక్కింది. దానికి కాలర్ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. బోన్లు పెట్టారు, డ్రోన్లు ఎగరేశారు, సుందర్‌బన్ నుంచి అనుభవం ఉన్న సిబ్బందిని రప్పించారు. అయినా దొరకలేదు. ఏప్రిల్ 13న, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే, బాఘ్‌ఘోరా అడవిలో దాని శవం కనిపించింది. బల్లెం పోట్లతో చంపేశారు.

ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. కాలర్ ఉండటం వల్లే ఈ తేడా వచ్చిందని అనుకోవడం సులువు. కానీ అది సగం నిజమే.

సిమిలిపాల్‌కు తడోబా పులి ఎందుకు?

జీనత్ పుట్టింది మహారాష్ట్రలోని తడోబా అడవిలో. అక్కడ పులులు ఎక్కువ. సిమిలిపాల్‌లో తక్కువ. అంతకంటే పెద్ద సమస్య, ఉన్న పులులన్నీ దగ్గరి బంధువులు కావడం.

సిమిలిపాల్ పులుల్లో చాలావాటికి నల్ల చారలు మామూలుకంటే వెడల్పుగా ఉండి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒళ్లంతా నల్లగా కనిపిస్తుంది. జనం వీటిని నల్లపులులు అంటారు. దీనికి టాక్‌పెప్ అనే జన్యువులోని ఒక మార్పు కారణమని బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌కు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా ఆ మార్పు వస్తేనే పిల్లకు ఈ రంగు వస్తుంది. మిగతా అడవుల్లో దాదాపు కనిపించని ఈ రంగు ఇక్కడ ఇంతగా ఉందంటే, బయటి రక్తం కలవక చాలా తరాలు గడిచాయని అర్థం.

రంగు వల్ల పులికి వచ్చిన నష్టం లేకపోవచ్చు. కానీ దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలుగుతూ పోతే, కంటికి కనిపించని లోపాలు కూడా ఇలాగే పేరుకుంటాయి. అందుకే 2024 అక్టోబర్, నవంబర్ నెలల్లో తడోబా నుంచి రెండు ఆడపులులను తెచ్చారు. మొదట జమున, తర్వాత జీనత్.

వదిలిన చోట ఎందుకు ఉండదు?

కొత్త చోట వదిలిన పెద్ద జంతువు చాలాసార్లు చేసే మొదటి పని, అక్కడి నుంచి వెళ్లిపోవడం. పుట్టిన చోటుకు తిరిగి వెళ్లాలన్న తపన ఒక కారణం. కొత్త అడవిలో తనకంటూ హద్దులు లేకపోవడం, అక్కడి జంతువుల వాసనలు కొత్తగా ఉండటం మరో కారణం.

ఈ విషయంలో అందరూ చెప్పుకునే పాఠం అమెరికా తోడేళ్లది. దశాబ్దాల క్రితమే తుడిచిపెట్టుకుపోయిన తోడేళ్లను 1995 జనవరిలో కెనడా నుంచి తెచ్చి, రెండు చోట్ల రెండు పద్ధతుల్లో వదిలారు. యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తెచ్చిన 14 తోడేళ్లను గుంపులుగా కంచెల్లో ఉంచి, సుమారు పది వారాలు మేపి, ఆ తర్వాత తలుపులు తెరిచారు. పక్కనే ఉన్న ఐడహో కొండల్లో 15 తోడేళ్లను పెట్టెల్లోంచి నేరుగా వదిలేశారు. ఐడహో తోడేళ్లు ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. యెల్లోస్టోన్‌లోవి చాలావరకు ఆ చుట్టుపక్కలే గుంపులుగా స్థిరపడ్డాయి.

జీనత్‌ను కూడా కొన్ని రోజులు కంచెలో ఉంచాకే నవంబర్ చివర్లో అడవిలోకి వదిలారు. యెల్లోస్టోన్‌తో పోలిస్తే ఆ గడువు చాలా తక్కువ. అయితే గడువు చాలకే అది వెళ్లిపోయిందని తేల్చి చెప్పలేం. తోడేలుకు పక్కన గుంపు ఉంటుంది. పులి ఒంటరి జీవి. దాన్ని ఒక చోట కట్టిపడేసే తోడు ఉండదు.

కాలర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

పులి మెడకు కట్టే కాలర్‌లో ప్రధానంగా రెండు పరికరాలు ఉంటాయి. ఒకటి జీపీఎస్. అది నిర్ణీత గంటలకోసారి తానున్న చోటును నమోదు చేసి, ఉపగ్రహం ద్వారా పంపుతుంది. రెండోది వీహెచ్‌ఎఫ్ ట్రాన్స్‌మిటర్. ఇది ఆగకుండా రేడియో సంకేతం పంపుతూనే ఉంటుంది. చేతిలో యాంటెన్నా పట్టుకున్న సిబ్బందికి ఆ దిక్కుకు తిప్పినప్పుడు బీప్ శబ్దం గట్టిగా వినిపిస్తుంది. రెండు మూడు చోట్ల నుంచి దిక్కులు చూసుకుని, ఆ గీతలు ఎక్కడ కలుస్తాయో లెక్కగట్టి పులి ఉన్న చోటును అంచనా వేస్తారు.

మైదానంలో ఈ లెక్క సులువు. కొండల్లో కాదు. రేడియో తరంగాలు రాళ్లకు తగిలి వెనక్కి వస్తాయి, లేని దిక్కులో ఉన్నట్టు చూపిస్తాయి. లోయలో, గుహలో, దట్టమైన చెట్ల కింద ఉన్నప్పుడు ఉపగ్రహానికి సమాచారం ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరదు కూడా. జీపీఎస్‌ను తరచూ పంపమంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందుకే మామూలు రోజుల్లో కొన్ని గంటలకోసారే కబురు వస్తుంది. ఆ కొన్ని గంటల్లో పులి ఒక కొండ దిగి మరో కొండ ఎక్కేస్తుంది.

అంటే కాలర్ చెప్పేది పులి ఇప్పుడు ఎక్కడ ఉందన్న సంగతి కాదు, కాసేపటి క్రితం ఎక్కడ ఉందన్న సంగతి. మిగతాది మనుషులు నడిచి తెలుసుకోవాల్సిందే.

మూడు వారాలు ఎలా గడిచాయి?

డిసెంబర్ రెండో వారంలో జీనత్ సిమిలిపాల్ దాటి చాకులియా అడవులకు చేరింది. మ్యాప్ చూస్తే, ఆ తర్వాత అది బెంగాల్‌లోకి రావాలంటే సువర్ణరేఖ నదినే కాదు, హౌరా–ముంబయి రైలు మార్గాన్ని కూడా దాటక తప్పదు. డిసెంబర్ 20 నాటికి ఝార్‌గ్రామ్ జిల్లా బేల్‌పహాడీలో ఉంది. అక్కడి నుంచి పురూలియా జిల్లా బాంద్వాన్ దగ్గరి రాయికా కొండకు వెళ్లి కొన్ని రోజులు ఉంది. ఊళ్లవాళ్ల మేకలను చంపి తిన్నది. ఎర పెట్టిన బోన్ల జోలికి మాత్రం రాలేదు.

జంగల్‌మహల్‌లో చలికాలం అంటే అడవికి వెళ్లాల్సిన కాలం. కట్టెలు, విస్తరాకులకు సాల్ ఆకులు, పశువుల మేత అన్నీ అక్కడి నుంచే రావాలి. అడవిలోకి వెళ్లొద్దని మైకుల్లో చెబితే అక్కడివాళ్లకు అది ఆ రోజు కూలి పోయినట్టే. అయినా ఊళ్లు ఆ మాట చాలావరకు విన్నాయి. పులి ఏ కొండ మీద ఉందో అధికారులు చెప్పగలిగారు కాబట్టి, ఏ ఊరు జాగ్రత్తగా ఉండాలో కూడా చెప్పగలిగారు. చివరికి జీనత్ బాంకురా జిల్లా ముకుట్‌మణిపూర్ దగ్గరి గోసాయిండిహీకి చేరింది. అది ఉన్న చిన్న అడవి చుట్టూ వలలు కట్టి, మత్తు తూటాలు పేల్చి పట్టుకున్నారు.

కాలర్ వల్ల జరిగిన అసలు మేలు ఇదే. అది పులిని ఆపలేదు, కాపాడలేదు. పుకారు స్థానంలో సమాచారాన్ని పెట్టింది. 2018లో లేనిది ఆ సమాచారమే. అప్పుడు ప్రతి అడవిలోనూ పులి ఉన్నట్టే ఉండేది. పైగా అది ఆదివాసీల వేట పండుగల కాలం. గుంపులుగా అడవిలోకి వెళ్లే వేటగాళ్లకు, దారి తెలియని పులికి మధ్య అడ్డుగా నిలబడే వ్యవస్థ ఏదీ లేకపోయింది. ఈ వేట పండుగలను ఆపాలని కలకత్తా హైకోర్టు ఆ తర్వాత ఆదేశాలు ఇచ్చింది.

కాలర్ ఉన్నా చచ్చిపోయిన పులి

కాలర్ ఒక్కటే చాలదనడానికి సాక్ష్యం ఒడిశాలోనే ఉంది. 2018లో మధ్యప్రదేశ్ నుంచి మహావీర్ అనే మగపులిని, సుందరి అనే ఆడపులిని ఒడిశాలోని సత్కోసియాకు తెచ్చారు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పులులను తరలించి స్థిరపరచాలన్న పథకంలో దేశంలో అదే మొదటి ప్రయత్నం. రెండింటికీ కాలర్లు ఉన్నాయి. అయినా అదే ఏడాది నవంబరులో మహావీర్ వేటగాళ్ల ఉచ్చు గాయంతో చచ్చిపోయింది. సుందరి ఇద్దరిని చంపిందని ఊళ్లు తిరగబడ్డాయి. చివరికి దాన్ని పట్టుకుని బంధించి, 2021లో తిరిగి మధ్యప్రదేశ్ పంపించారు.

పులుల్ని తెస్తున్నట్టు చుట్టుపక్కల ఊళ్లకు ముందే నచ్చజెప్పలేదన్నది అప్పట్లో వినిపించిన ప్రధాన విమర్శ. పులి ఎక్కడుందో ఆఫీసులో తెరకు తెలుసు. పక్క ఊరి మేకల కాపరికి తెలియలేదు.

మన అడవులకు ఇందులో ఏముంది?

జీనత్ పుట్టిన తడోబా నుంచే తెలంగాణకు కూడా పులులు వస్తాయి. ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు చేరే ఈ పులులను ఎవరూ తీసుకురావడం లేదు, వాటంతట అవే నడిచి వస్తాయి. కాబట్టి వాటిలో చాలావాటికి కాలర్లు ఉండవు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు మాంసంలో విషం కలిపిన కేసులో అరెస్టులు కూడా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు చుట్టూ తిరిగిన పులికీ కాలర్ లేదు. పాదముద్రలు, ట్రాప్ కెమెరాలే ఆధారం. బోన్లకు చిక్కకుండానే అది వెళ్లిపోయింది.

ప్రతి పులికీ కాలర్ కట్టలేం. కట్టాల్సిన అవసరం కూడా లేదు. జీనత్ వెళ్లాక 2025 జనవరిలో జంగల్‌మహల్‌కు కాలర్ లేని మరో మగపులి వచ్చింది. పాదముద్రలు చూసి, కొండ దారుల్లో కెమెరాలు కట్టి దాని రాకపోకలు కనిపెట్టారు. అప్పటికి ఊళ్లకు ఏం చేయాలో తెలుసు, సిబ్బందికి ఏం చెప్పాలో తెలుసు.

చనిపోయిన మేకకు నష్టపరిహారం ఎన్ని రోజుల్లో చేతికి వస్తుంది? అడవికి వెళ్లొద్దన్న రోజుల్లో కూలి ఎవరిస్తారు? పులి కబురు మొదట ఎవరికి చేరుతుంది, కలెక్టరేట్‌కా, కాపరికా? పులుల తరలింపు మీద ఏ రాష్ట్రం ఆలోచించినా కాలర్ ధరకంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు ఇవి. 2018లో వీటికి జవాబు లేక ఒక పులి బాఘ్‌ఘోరాలో, మరొకటి సత్కోసియాలో చచ్చిపోయాయి. వాటిలో ఒకదాని మెడకు కాలర్ ఉంది.