కూలిరేట్ల సర్వేలు - వాని విశ్వసనీయత

పత్తితీతలు, మిరపకోతలు వచ్చినప్పుడెల్ల పిడుగురాళ్ల ప్రాంతమున కూలిరేటును గూర్చి వాదము బయలుదేరును. రైతు ఒక రేటు చెప్పును. ముఠామేస్త్రి మరియొక రేటు చెప్పును. సర్కారువారి సర్వే మూడవ రేటు చెప్పును. మూడవది అచ్చుపడినది కావున దానికి గౌరవ మెక్కువ. ఆ అంకె యెట్లు పుట్టినదో విచారింపక దానిని ప్రమాణముగా గ్రహించుట యుభయులకును హానికరమని మా యభిప్రాయము.

ఇందుకు మన దేశమునందే గొప్ప నిదర్శనము గలదు. కేంద్రప్రభుత్వము 1950-51లో మొదటి వ్యవసాయ కూలీల విచారణను, 1956-57లో రెండవదానిని జరిపించెను. పురుషుని సగటు దినకూలి మొదటి విచారణలో 109 పైసలు, రెండవదానిలో 96 పైసలు. స్త్రీల కూలి 68 నుండి 59కి దిగెను. మొదటి పంచవర్ష ప్రణాళిక ముగిసిన పిమ్మట కూలి తగ్గుటయేమని పలువురు కలవరపడిరి. విచారింపగా, గింజల రూపమున నిచ్చిన కూలికి మొదటి విచారణలో చిల్లరధర కట్టిరి. రెండవదానిలో టోకుధర కట్టిరి. కూలివాని యొడిలో పడిన గింజలు అవే యైనను, ఇట్లు లెక్కించినచో కాగితముమీద కూలి తగ్గక తప్పదు. ఆ తరుగులో నిజమెంత, లెక్కమార్పు ఎంత యను వివాదము ఆర్థికవేత్తల మధ్య బహుకాలము సాగెను.

నేడు కూలి చాలవరకు రొక్కమే. అయినను చిక్కు తీరలేదు. కేంద్ర లేబర్ బ్యూరో 2013 నవంబరు నుండి గ్రామీణ కూలిరేట్ల వర్గములను మార్చినప్పుడు పత్తి తీయువారిని, పొగాకు కోయువారిని, తేయాకు త్రుంచువారిని ఒకే వర్గమున జేర్చెను. పత్తితీతకు పెక్కుచోట్ల కిలోలెక్కన కూలి యిత్తురు. మొదటితీతలో ఒకామె తీయునంత పత్తి కడపటితీతలో రాదు. కిలోలను దినకూలిగా మార్చునప్పుడు ఏ తీతను కొలతగా గొనవలెను? సున్నపుబట్టీలయొద్ద బస్తాల నెత్తువారికిని ఈ చిక్కే. కర్నూలువైపునుండి పిల్లాపాపలతో వచ్చి చేలగట్లపై గుడిసెలు వేసికొను కుటుంబముల సంగతి యేమి? ఇల్లిల్లు తిరిగి యడుగు ఉద్యోగికి స్వగ్రామమున వారి తలుపు తాళము వేసి కనబడును. ఇక్కడ వారి గుడిసెకు నంబరు లేదు. దారిఖర్చు, మేస్త్రి కమీషను, పనిలేని దినములు ఏ పట్టికలో చేరును?

ఇది పొలముల గొడవ యని పట్టణవాసు లుపేక్షింపరాదు. హైదరాబాదు కంపెనీలలోని తమ బిడ్డల జీతములను గూర్చి ప్రైవేటు సంస్థలు ప్రకటించు సర్వేలకును ఈ దోషము తప్పదు. జవాబిచ్చినవారే లెక్కకు వత్తురు. తన జీతము చెప్పుటకు సిగ్గుపడువాడు రాడు. తొమ్మండుగురికి నెలకు 30 వేలు, ఒకనికి 3 లక్షలు వచ్చినచో సగటు 57 వేలు. అందరిని వరుసగా నిలిపి నడుమనున్నవాని నడిగినచో 30 వేలే. సర్వేను ఎవరు చేయించిరో గూడ చూడవలెను. అమెరికాలోని యూటా రాష్ట్రమున ఆసుపత్రులు నర్సుల జీతముల వివరములను తమలో తాము తెలుపుకొని, జీతములు పెరుగకుండ చేయుచున్నవని అక్కడి న్యాయశాఖ 1994లో వ్యాజ్యము వేసెను.

తక్కువ రేటు వ్రాయించినచో తమకు లాభమని తలచు రైతులు గలరు. ఆ తలపు వారికే చేటు. పత్తి మద్దతుధరను సిఫారసు చేయుటకు వ్యవసాయ వ్యయ ధరల కమిషను సాగుఖర్చును పరిశీలించును. ఆ ఖర్చులో కూలి పెద్దపాలు. ఇంటివారి శ్రమకు గట్టు విలువయు కూలిరేటునే యనుసరించును. ఖర్చుల సర్వేలో కూలి తగ్గించి చెప్పిన రైతు ఆ నోటితోనే తన పత్తిధరను తగ్గించుకొనుచున్నాడు.

సర్వేలు వలదని మే మనము. అంకెలు లేనిచో బలవంతుని మాటయే రేటగును. కాని ఎవరి నడిగిరి, ఏ నెలలో నడిగిరి, ఏమేమి కలిపిరి, ఎవరిని విడిచిరి అను నాలుగు సంగతులు ప్రతి యంకెతోడను అచ్చుకావలెను. పిడుగురాళ్ల పరిసర పంచాయతీలు పత్తితీత, మిరపకోత, బట్టీపనుల రేట్లను విడివిడిగా, కిలోకెంత, బస్తాకెంత, దినమునకెంత యని, రైతుల యెదుటను కూలీల యెదుటను వారమువారము వ్రాయించి బోర్డుపై గట్టింపవలెను. ఇరువురును చదివి కాదనలేని యంకెయే బేరమునకు పనికివచ్చును.