బరువు ఎక్కడినుంచి వేయాలి?

ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. దాని రెండు చివరలూ రెండు పుస్తకాల దొంతరలమీద ఆనేట్లు పెట్టండి. ఒక తాళం కప్పను స్కేలు చివర, పుస్తకం అంచు దగ్గర ఉంచండి. స్కేలు వంగినట్లే కనిపించదు. అదే కప్పను నడిమికి జరపండి. స్కేలు కిందికి వంగుతుంది. బరువు మారలేదు, బరువు పెట్టిన చోటు మారింది. కొత్త వంతెనను తెరిచేముందు ఇంజనీర్లు నిండు లారీలను దానిమీద నిలిపి ఎంత వంగిందో కొలుస్తారు. లారీలన్నిటినీ స్తంభం పక్కనే నిలిపి ‘వంతెన గట్టిదే’ అంటే మీరు ఒప్పుకుంటారా?

వెబ్‌సైట్లకు కూడా ఇటువంటి పరీక్ష ఉంది. దాన్ని లోడ్ టెస్ట్ అంటారు. మీ పదవ తరగతి ఫలితాలు వచ్చే రోజును తలచుకోండి. నిన్నటివరకు ఎవరూ తొంగిచూడని వెబ్‌సైట్‌ను ఆ గంటలో లక్షలమంది తెరుస్తారు. పేజీలను పంపే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. ఆ తాకిడిని అది తట్టుకోగలదో లేదో ముందే తెలియాలి. అందరినీ పిలిచి ఒకేసారి నొక్కమనలేం కదా! అందుకే జేమీటర్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. ఒక్క కంప్యూటరే వందలమందిలా నటిస్తూ పేజీలు అడుగుతుంది, ఒక్కొక్క జవాబుకు ఎంతసేపు పట్టిందో రాసుకుంటుంది. మరి ఈ కంప్యూటర్‌ను ఎక్కడ పెట్టాలి?

అదే యంత్రంలోనా?

సర్వర్‌లోనే ఆ ప్రోగ్రాంను నడపడం సులువు. కాని అప్పుడు అడిగేదీ, జవాబిచ్చేదీ ఒకే ప్రాసెసర్‌ను, ఒకే మెమరీని పంచుకుంటాయి. బస్తాను తూచే మనిషి తానూ కాటామీద నిలుచున్నట్లే! వచ్చిన లెక్కలో బస్తా ఎంతో, మనిషి ఎంతో తెలియదు.

పక్క యంత్రంలోనా?

అదే గదిలో వేరొక కంప్యూటర్‌నుంచి అడిగితే, తీగలో ప్రయాణానికి మిల్లీసెకండుకూడా పట్టదు. ఆలస్యమైతే అది దాదాపు సర్వర్‌దే. సర్వర్ సొంత బలం తెలుసుకోవడానికి ఇది మంచి చోటు.

కాని బయటి దారి సంగతి ఇక్కడ తెలియదు. ఒక పేజీ 1 మెగాబైట్, అంటే 8 మెగాబిట్లు అనుకోండి. గదిలోని తీగ సెకండుకు 1000 మెగాబిట్లు మోస్తే 125 పేజీలు వెళ్తాయి. బయటికి పోయే లైను 100 మెగాబిట్లదే అయితే? సెకండుకు 12 పేజీలే! ఇదే తప్పు తలకిందులుగా కూడా జరగవచ్చు. మీ బడిలోని 100 మెగాబిట్ల లైనునుంచి పరీక్షిస్తే 12 పేజీలే వస్తాయి. సర్వర్ బలహీనమని రాస్తారు. లోపం మాత్రం మీ లైనుది.

దూరంనుంచా?

ఆప్టికల్ ఫైబర్ అనే గాజుతీగలో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ముంబైలో ఉందనుకుందాం. హైదరాబాద్‌నుంచి సూటిగా సుమారు 620 కిలోమీటర్లు. పోయిరావడానికి 6 మిల్లీసెకండ్లు చాలు. అమెరికా తూర్పు తీరంనుంచి అయితే సుమారు 13,000 కిలోమీటర్లు. పోయిరావడానికే 130 మిల్లీసెకండ్లు! తీగలు సూటిగా పోవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. సర్వర్ ఎంత గొప్పదైనా ఈ ఆలస్యాన్ని తగ్గించలేదు.

కాబట్టి చూసేవారు ఎక్కడ ఉంటారో అక్కడినుంచే అడగాలి. ఇందుకు కంప్యూటర్లు అద్దెకు దొరుకుతాయి. అమెజాన్ సంస్థ ఇటువంటి కేంద్రాలను 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో ప్రారంభించింది. అమెరికాలోని అన్నయ్యకూడా తమ్ముడి మార్కులు చూస్తాడనుకుంటే, కొంత బరువు అక్కడినుంచీ వేయాలి. అంతా ఒకే చిరునామానుంచి వస్తే, సర్వర్‌కు కాపలాగా ఉండే ప్రోగ్రాం దాడి అనుకుని ఆపేయవచ్చు. అందుకే కంప్యూటర్లను పలుచోట్ల పెడతారు.

చివరిగా, మొత్తం వ్యవస్థను కలిపి పరీక్షించాలి. 2013 అక్టోబరు 1న అమెరికాలో ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ అనే వెబ్‌సైట్‌ను తెరిచారు. జనం విరగబడ్డారు. మొదటిరోజు నమోదు పూర్తిచేసుకోగలిగినవారు 6 మంది! వేరువేరు సంస్థలు కట్టిన భాగాలను కలిపి పరీక్షించడం చివరి రెండు వారాల్లోనే జరిగిందని, ఆ తరువాత అక్కడి చట్టసభ విచారణలో ఆ సంస్థలవారే చెప్పారు.

ఒక హెచ్చరిక: ఇతరుల వెబ్‌సైట్‌మీద అనుమతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. సర్వర్‌కు అది దాడితో సమానం. ఫలితంకోసం ఎదురుచూసే తోటి విద్యార్థికి దారి మూసినట్లే.

ఇప్పుడొక లెక్క. పేజీ అర మెగాబైట్, లైను 200 మెగాబిట్లది. సర్వర్ సెకండుకు 80 పేజీలు ఇవ్వగలదు. బయటివారికి సెకండుకు ఎన్ని పేజీలు అందుతాయి? డబ్బు ఉంటే మీరు దేన్ని ముందు పెంచుతారు, సర్వర్‌నా, లైనునా?