వంకర కోతకు మనిషిని తిట్టే ముందు మిషన్‌ను చూడండి

ఈ వారం ఎపిసోడ్‌లో చిన్న బ్యాండ్ షా గురించి మాట్లాడాను. కొలతలు వినుకుంటూ రాసుకోవడం కష్టంగా ఉంది, రాతలో పెట్టమని చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అందుకే ఇది.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు నాది.

మా సైట్ ఫ్యాబ్రికేషన్ యార్డులో పైపు సపోర్టులు చేస్తాం. యాంగిల్, ఛానల్, స్క్వేర్ పైపు కోసి వెల్డింగ్ చేయడమే పని. మొదట్లో రాతి డిస్కు పెట్టే కటాఫ్ మిషన్ వాడేవాళ్లం. నిప్పురవ్వలు, చెవులు చిల్లులు పడే మోత, ప్రతి రోజూ హాట్ వర్క్ పర్మిట్. ఆ గోల తగ్గుతుందని సనయ్యలో, అదే ఇండస్ట్రియల్ ఏరియాలో, చవకలో ఒక చిన్న బ్యాండ్ షా తెచ్చారు. 4 అంగుళాల పైపు, అడ్డంగా 6 అంగుళాల పట్టీ కోసే రకం. ప్రపంచమంతా వేరే వేరే రంగుల్లో, వేరే వేరే పేర్లతో అమ్మేది దాదాపు ఇదే మిషన్.

దాని మీద జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు పని చేసేవాడు. వాడు కోసిన ముక్కలు నిలబెడితే పక్కకు ఒరిగేవి. 100 మిల్లీమీటర్లకు 3 మిల్లీమీటర్లు తేడా. ఇన్‌స్పెక్షన్‌లో ఒక బ్యాచ్ మొత్తం వెనక్కి కొట్టారు. నేను అందరి ముందు వాడిని తిట్టాను. ఫ్యాబ్రికేటర్ నుంచి మళ్లీ హెల్పర్‌గా మార్చే మాట కూడా వచ్చింది. హెల్పర్ అంటే జీతం తగ్గుతుంది, ఊళ్లో అప్పు కిస్తీ ఆగుతుంది. మీకు చెప్పక్కర్లేదు.

వాడు ఎదురు మాట్లాడలేదు. మర్నాడు మూలమట్టం తెచ్చి బ్లేడు పక్కన ఆనించి, "సార్, ఒక్కసారి చూడండి" అన్నాడు. బ్లేడే వంగి దిగుతోంది. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివినవాడిని. అది ముందు నేను చూడాల్సింది.

వేసవిలో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని బంద్ కదా. ఆ సమయంలో చల్లగా ఉండే స్టోర్‌లో కూర్చుని ఇద్దరం దాన్ని సరిచేశాం. చేసింది ఇదీ, వరుసగా.

మొదటిది: ప్లగ్ పీకండి

ఏ సర్దుబాటు అయినా ప్లగ్ తీశాకే. స్విచ్ ఆపితే చాలదు. చుట్టిన కొత్త బ్లేడు విప్పేటప్పుడు స్ప్రింగులా ఎగురుతుంది. విప్పేటప్పుడు, మార్చేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు వేసుకోండి. కానీ మిషన్ తిరిగేటప్పుడు గ్లౌజులు వద్దు, బ్లేడు పట్టుకుందంటే చెయ్యి కూడా లాక్కుపోతుంది.

రెండోది: బ్లేడు మార్చండి

మిషన్‌తో వచ్చే బ్లేడు చాలాసార్లు మామూలు కార్బన్ స్టీల్‌ది, తొందరగా మొండిబారుతుంది. బై-మెటల్ బ్లేడు ధర ఎక్కువే, కానీ ఎక్కువ కాలం వస్తుంది. ఈ సైజు మిషన్లకు సాధారణంగా 1638 మిల్లీమీటర్ల పొడవు, 13 వెడల్పు, 0.65 మందం. కొనే ముందు మీ మిషన్ మాన్యువల్ చూసుకోండి, అన్నీ ఒకటే సైజు కావు.

పళ్ల లెక్క ఇట్లా గుర్తుపెట్టుకోండి: ఎప్పుడైనా కనీసం 3 పళ్లు లోహంలో ఉండాలి. అంగుళానికి 14 పళ్లంటే పన్నుకూ పన్నుకూ మధ్య 1.8 మిల్లీమీటర్లు. 3 పళ్లకు 5.4. అంటే 6 మిల్లీమీటర్ల యాంగిల్‌కు 14 పళ్లది సరిగ్గా సరిపోతుంది. 2 మిల్లీమీటర్ల పైపుకు ఇంకా సన్న పళ్లు కావాలి, బరువు కూడా తగ్గించి దించాలి, లేకపోతే పళ్లు రాలిపోతాయి. 50 మిల్లీమీటర్ల గట్టి రాడ్డుకు మాత్రం 8 లేక 10 పళ్లది. సన్న పళ్లయితే మధ్యలో రజను ఇరుక్కుంటుంది.

యాంగిల్‌ను వైస్‌లో ఇంటి కప్పులా బోర్లా పెట్టండి, మూల పైకి, రెండు అంచులు కిందికి. అప్పుడు బ్లేడుకు ఒకేసారి వెడల్పు రేకు అడ్డం రాదు.

మూడోది: గైడ్ బేరింగులు

అసలు రోగం ఇక్కడే ఉంది. బ్లేడుకు రెండు వైపులా రెండేసి చిన్న బేరింగులు ఉంటాయి. వాటిలో ఒకదాని బోల్టు మధ్యలోంచి కాకుండా పక్కకు ఉంటుంది. దాన్ని తిప్పితే బేరింగు బ్లేడు దగ్గరికి జరుగుతుంది. బేరింగు బ్లేడుకు ఆనాలి, కానీ వేలితో తిప్పితే తిరగాలి. తర్వాత మూలమట్టాన్ని బెడ్డు మీద నిలబెట్టి బ్లేడు చదునుకు ఆనించండి, పళ్ల మీద కాదు. పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి అక్కడ కొలత తప్పు చెబుతుంది. బ్లేడు నిటారుగా వచ్చేదాకా గైడును కొద్దికొద్దిగా తిప్పి బిగించండి.

ఇంకో మాట. జరిపే గైడును కోసే ముక్క దగ్గరికి తీసుకురండి. మావాళ్లు దాన్ని ఎప్పుడూ చివరనే వదిలేసేవాళ్లు. రెండు గైడ్ల మధ్య ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే బ్లేడు అంత ఊగుతుంది.

నాలుగోది: వైస్

కదలని దవడను బ్లేడుకు మూలమట్టంగా పెట్టి బిగించండి. పొట్టి ముక్కను ఒక చివరనే పట్టిస్తే కదిలే దవడ వాలిపోతుంది, ముక్క జారుతుంది. రెండో చివర అదే మందం ముక్క ఇంకొకటి పెట్టి బిగిస్తే సరి.

ఐదోది: తల బరువు

దీనికి మన అందరి దగ్గరా ఉన్న పనిముట్టు చాలు. ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే కొక్కెం కాటా! దాన్ని షా తల చివర హ్యాండిల్‌కు తగిలించి, మోటారు ఆపి, మెల్లగా లేపండి. మా దాంట్లో మొదట 9 కిలోలు చూపించింది. స్ప్రింగు బిగించి 4 కిలోల దగ్గరకు తెచ్చాం, అక్కడ కుదిరింది. బరువు ఎక్కువైతే బ్లేడు వంగి కోస్తుంది, మా వంకరకు సగం కారణం అదే.

సరిగ్గా ఉందో లేదో రజను చెబుతుంది. చుట్టలు చుట్టుకుని వస్తే బాగుంది. పొడిలా రాలితే బరువు చాలదు. నీలం రంగు తిరిగితే వేగమో, బరువో ఎక్కువైంది. బెల్టును మూడు మెట్ల మీద మార్చి వేగం మార్చుకోవచ్చు: స్టెయిన్‌లెస్‌కు తక్కువ, మామూలు ఇనుముకు మధ్యది, అల్యూమినియంకు ఎక్కువ. కొత్త బ్లేడుతో మొదటి నాలుగైదు కోతలు బరువు తగ్గించి కోయండి, పళ్లు ఎక్కువ కాలం ఉంటాయి.

ఆఖరిది: కాళ్లు, ఇసుక

రేకు కాళ్లు ఊగుతున్నాయని 40 యాంగిల్‌తో ఫ్రేమ్ చేసి బోల్టులు వేశాం. ఇక్కడి ఇసుక గైడ్లలోకి, చక్రాల మీదికి చేరుతుంది. అందుకే రోజూ సాయంత్రం బ్రష్షుతో దులపడం రూల్ పెట్టుకున్నాం.

అన్నీ అయ్యాక కోసిన మొదటి ముక్క 100కు అర మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. తమ్ముడు ఫ్యాబ్రికేటర్‌గానే ఉన్నాడు. తిట్టింది అందరి ముందు కాబట్టి, తప్పు నాదేనని కూడా అందరి ముందే చెప్పాను.

ఇంటికి కొనాలనుకునేవాళ్లకు

తమ్ముడు తర్వాత అడిగాడు: "అన్నా, ఊళ్లో గేట్లు, గ్రిల్స్ షాపు పెడదామనుకుంటున్నా. ఇక్కడే ఒకటి కొని కార్గోలో వేద్దామా?"

వద్దన్నాను. మిషన్ సుమారు 60 కిలోలు. కార్గో కిలోల లెక్కన తీసుకుంటుంది, దారిలో పోత ఇనుము పగిలితే అడిగేవాడు లేడు. ఇలాంటివి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, హైదరాబాద్ బాలానగర్ వైపు విచారిస్తే దొరుకుతాయి, స్పేర్లు కూడా అక్కడే. 2021 మార్చి నుంచి ఖతర్‌లో కనీస బేసిక్ 1000 రియాల్స్. అంత జీతం మీదున్న మనిషికి ఈ మిషన్ చిన్న ఖర్చు కాదు, తొందర పడకండి.

కొనేటప్పుడు మోటారు మీద రేకు చదవండి. ఇక్కడ 240 వోల్టులు, మన దగ్గర 230, రెండు చోట్లా 50 హెర్ట్జ్. 220–240 అని ఉంటే భయం లేదు. 110 అని ఉంటే చవకగా ఇచ్చినా వదిలేయండి. పాతదైతే ప్లగ్ తీసి చక్రాలు చేత్తో తిప్పి చూడండి, ఊగకూడదు. కోత అయిపోగానే దానంతట అది ఆగే స్విచ్ పని చేయాలి.

ఒక హెచ్చరిక. రూములోనో, క్యాంపు వెనకో మిషన్ పెట్టి బయటి పనులు పట్టకండి. అనుమతి లేకుండా వేరేవాళ్ల దగ్గర పని చేయడాన్ని ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఇక్కడ పని నేర్చుకోండి, షాపు ఊళ్లో పెట్టండి.

మీ మిషన్ ఎటు వంకర కోస్తోందో వాయిస్ మెసేజ్ పెట్టండి. కోసిన ముక్క పక్కన మూలమట్టం పెట్టి ఫొటో తీస్తే ఇంకా మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం.